పాచికి పొగ పెట్టే ముందు

సోమేనహళ్ళి



నీ ప్రాజెక్టు చదివాను. థర్మల్ కేంద్రం పొగను కొలనులో పెంచే పాచికి అందిస్తే బొగ్గుపులుసు వాయువు పీడ వదులుతుందని రాశావు. లెక్క మాత్రం కట్టలేదు. కడదాం రా.

ఎండబెట్టిన పాచిలో సగం దాకా కర్బనమే. అందుకే కిలో పాచి పెరగాలంటే సుమారు 1.8 కిలోల వాయువు పీల్చుకోవాలి. చదరపు మీటరుకు రోజుకు 10 గ్రాములు పెరిగిందనుకో. హెక్టారుకు 100 కిలోల పాచి, 180 కిలోల వాయువు. 500 మెగావాట్ల బొగ్గు యూనిట్ నిండుగా నడిస్తే రోజుకు సుమారు 10 వేల టన్నులు వదులుతుంది. భాగించి చూడు, 55 వేల హెక్టార్లు దాటుతుంది! నేల దొరికినా నీళ్లేవీ? మన ఎండకు కొలను రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైనా హెక్టారుకు 50 వేల లీటర్లు బోరు తోడి పోయాలి. పైగా ఆ పాచిని తిన్నా, కాల్చినా పట్టిన వాయువు మళ్లీ గాలిలోకే పోతుంది.

కాబట్టి పొగ మింగించడం కోసం కాదు, సరుకు కోసం పెంచాలి. స్పిరులినానే చూడు. వంటసోడా కలిపి పీహెచ్ 9, 10 దగ్గర ఉంచిన నీళ్లలో హాయిగా పెరుగుతుంది, అక్కడ వేరే పాచి అంత తేలిగ్గా బతకదు. అందులో 60 శాతం దాకా మాంసకృత్తులు, పైగా ఆహారంలో వాడే నీలిరంగు ఫైకోసయానిన్. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ 1970లలోనే దీని సాగు మీద పనిచేసింది. హెమటోకాకస్ అనే పాచి తీరు వేరు. నత్రజని అందక, ఎండ మండితే ఎర్రబడి, అస్టాజాంతిన్ అనే ఎర్ర రంగును కూడబెడుతుంది. అప్పుడు పెరుగుదల మందగిస్తుంది. అందుకే ముందు పెంచి, తర్వాత మాడుస్తారు. నాకు నచ్చిన కిటుకు అదే.

ఇక పాచి మేత సంగతి. హెబ్బాళ-నాగవార పథకంలో బెంగళూరు మురుగును శుద్ధి చేసి మన జిల్లా చెరువులకు పంపుతున్నారు కదా, అందులో మిగిలే నత్రజని, భాస్వరం పాచికి మంచి మేత. కానీ మురుగునీటి పాచిని తిండికి వాడకు, భార లోహాలుంటే లోపల పోగేసుకుంటుంది. చెరువు మీది పచ్చ తెట్టెనూ స్పిరులినా అనుకోకు. అది మైక్రోసిస్టిస్ అనే పాచి అయితే దాని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

ఈసారి పొగ మాట పక్కనపెట్టి, కిలో స్పిరులినాకు ఎంత నీరు, ఎంత సోడా, ఎంత కరెంటు పడుతుందో లెక్క రాసి పంపు.

నీ మేనమామ