పౌరుని ప్రశ్న – పట్టణపు రైలు

హైదరాబాదులో అమీరుపేట కూడలియొద్ద నిలిచి తలయెత్తి చూచినచో రెండు రైలుమార్గములు ఒకదానిపై నొకటి సాగిపోవుట కానవచ్చును. క్రింద బస్సులును ఆటోలును క్రిక్కిరిసి కదలలేక నిలిచియుండ, పైన మెట్రో రైలు అడ్డము లేక పోవుచుండును. 2017వ సంవత్సరము నవంబరు 28వ తేదీన మియాపూరు నుండి నాగోలు వరకు 30 కిలోమీటర్ల మార్గము ప్రారంభింపబడెను. 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గములును కలిసి 69 కిలోమీటర్లయ్యెను. నగరవాసులకు అది గొప్ప సదుపాయమనుటలో సందేహము లేదు.

ఆ స్తంభములను చూచి మెచ్చుకొనువారు పెక్కుమంది. వానికంటె ముందు లేచిన మరియొక కట్టడమును చూచినవారు మిక్కిలి తక్కువ. అది కాగితముల కట్టడము. గునపము నేలను తాకుటకు ఎన్నియో యేండ్లకు ముందే పట్టణపు రైలు కాగితముపై పుట్టును. మార్గము ఏ వీథిగుండ పోవలెను, ఎవరి యిండ్లు, ఎవరి అంగళ్లు తొలగింపవలెను, దినమునకు ఎందరు ఎక్కుదురు, వ్యయమెంత, అప్పెంత, నష్టము వచ్చినచో భరించునదెవరు అను విషయములన్నియు సమగ్ర పథక నివేదికలోను, టెండరు పత్రములలోను, ఒప్పందములోను వ్రాయబడియుండును. ఈ నివేదికనే కచేరీలలో డీ.పీ.ఆర్. అందురు.

వీనిలో అన్నింటికి ఆయువుపట్టు ప్రయాణికుల అంచనా. ఇది ఎట్లో ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. టిక్కెట్టు సగటున 30 రూపాయలనుకొనుడు. దినమునకు 15 లక్షలమంది ఎక్కినచో రాబడి 4 కోట్ల 50 లక్షల రూపాయలు. 5 లక్షలమందియే ఎక్కినచో 1 కోటి 50 లక్షలు. తేడా దినమునకు 3 కోట్లు. సంవత్సరమునకు 1,095 కోట్లు. రాబడి తగ్గినంతమాత్రమున అప్పుపై వడ్డీ తగ్గదు. హైదరాబాదు మార్గమునకు దినమునకు 15 లక్షలమంది వత్తురని ఆరంభమున లెక్కగట్టిరి. మార్గములన్నియు తెరచిన పిమ్మటను ఆ సంఖ్య 5 లక్షల ప్రాంతముననే నిలిచెను. 2020లో వచ్చిన మహమ్మారి అందుకు కొంత కారణమే గాని, అంతయు దానిపైకి నెట్టుట న్యాయము కాదు. తుదకు 2025 సెప్టెంబరులో, మార్గమును కట్టి నడపిన ఎల్ అండ్ టీ సంస్థనుండి మొదటి దశను తాను తీసికొనుటకును, సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పును తన తలపై వేసికొనుటకును తెలంగాణ ప్రభుత్వము సూత్రప్రాయముగ అంగీకరించెను. ప్రభుత్వము తలపైని అప్పు అనగా ప్రజల తలపైని అప్పే గదా! రైలు ఎన్నడును ఎక్కని ఆదిలాబాదు రైతునకును అందు భాగము కలదు.

అంచనాలను తొలుతనే ప్రశ్నించినచో ఏమి జరుగునో తెలిసికొనుటకు ఇదే మార్గపు పూర్వకథ చాలును. ఇట్టి పథకములలో రాబడికిని వ్యయమునకును నడుమ నుండు లోటును ప్రభుత్వము కొంత పూరించుట వాడుక. తక్కువ సొమ్ము కోరిన సంస్థకే పని దక్కును. 2008లో టెండరు గెలిచిన మైటాస్ కూటమి ప్రభుత్వమునుండి ఏమియు కోరకపోగా, గడువు కాలమందు తానే 30,311 కోట్ల రూపాయలు ప్రభుత్వమునకు చెల్లింతునని పలికెను. విన్నవారు ఆశ్చర్యపడిరి, పలువురు సంతోషించిరి. ఢిల్లీ మెట్రో నిర్మాతగ పేరొందిన ఇంజనీరు శ్రీ ఇ. శ్రీధరన్ మాత్రము సంతోషింపలేదు. ఆయన ప్రణాళికా సంఘపు ఉపాధ్యక్షునకు లేఖ వ్రాసెను. భూములపై వ్యాపారమే ఈ లెక్కకు మూలమై యుండవచ్చునని అందు హెచ్చరించెను. లేఖ పత్రికల కెక్కెను. రాష్ట్ర ప్రభుత్వము ఆగ్రహించి న్యాయస్థానమునకు పోవుదుమనెను.

అంతలో 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్స్ అధినేత తన కంపెనీ లెక్కలు బూటకములని తానే ఒప్పుకొనెను. మైటాస్ ఆ కుటుంబమువారి సంస్థయే. అది కావలసిన పెట్టుబడిని సమకూర్చలేకపోయెను. 2009 జూలైలో ఒప్పందము రద్దయ్యెను. మరల టెండరు పిలువగా 2010లో ఎల్ అండ్ టీ సంస్థ 1,458 కోట్ల రూపాయల ప్రభుత్వ సహాయము కోరి పనిని దక్కించుకొనెను. ముందు 30,311 కోట్లు ఇత్తుమన్నచోటనే పిమ్మట 1,458 కోట్లు కావలెననిరి. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూచిన విద్యార్థికి ఆ లేఖ విలువ ఎంతయో వేరుగ చెప్పనక్కరలేదు.

శ్రీధరన్ లెక్కలు తెలిసిన నిపుణుడు. ఆయన లేఖ ప్రణాళికా సంఘపు పెద్దలవరకు పోగలదు. సామాన్యునకు ఆ స్థానము లేదు. కాగితము అతని చేతికి రావలెనన్న చట్టము కావలెను. అట్టి చట్టము స్వీడను దేశమున 1766లోనే వెలసినది. మన దేశమున దానికి దారితీసినవారు రాజస్థానపు కూలీలు. 1990లో అచట మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను సంఘ మేర్పడెను. కరవు పనులకు పోయినవారికి పూర్తి కూలి ముట్టుట లేదు. అడిగినచో, మీరు పని సరిగ చేయలేదు, మస్టరులో అట్లే వ్రాసియున్నది అనిరి. ఆ మస్టరు చూపుడనగా అది సర్కారు రహస్యమనిరి. తన చేతి కష్టము వ్రాసిన కాగితము తనకే రహస్యమట! 1994 డిసెంబరులో కోట్ కిరానా గ్రామమున సంఘమువారు జనులను కూర్చుండబెట్టి, చేజిక్కిన పత్రములను బిగ్గరగ చదివిరి. ఆ చదువుటలలో పనికి రానివారి పేర్లు, చనిపోయినవారి పేర్లు సైతము బయటపడెను. 1996లో బ్యావర్ పట్టణమున 40 దినములు ధర్నా చేసిరి. పార్లమెంటు 2005లో సమాచార హక్కు చట్టమును చేసెను. ఆ సంవత్సరము అక్టోబరు 12వ తేదీనుండి అది పూర్తిగ అమలులోనికి వచ్చెను. కూలీల మస్టరుకు పనికివచ్చిన సూత్రమే వేలకోట్ల రైలుకును పనికివచ్చును, సున్నలు పెరుగునంతే.

చట్టము సులభమైనదే. రుసుము సాధారణముగ 10 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ నియమముల ప్రకారము మండల కచేరిలో 5 రూపాయలే. గ్రామ స్థాయిలో ఏమియు లేదు. దరఖాస్తును పౌర సమాచార అధికారి పేర వ్రాయవలెను. ఏల కావలెనో చెప్పనక్కరలేదు. విషయము వేరొక కచేరికి సంబంధించినదైనచో ఆ అధికారియే 5 దినములలో అచటికి పంపవలెను. 30 దినములలో సమాధానము రావలెను. రానిచో అదే కచేరిలోని పై అధికారికి అప్పీలు. అచటను తృప్తి లేనిచో 90 దినములలోపల సమాచార కమిషనుకు రెండవ అప్పీలు. కారణము లేక ఆలస్యము చేసిన అధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జుల్మానా వేయు అధికారము కమిషనుకు కలదు.

ఐనను పెక్కు దరఖాస్తులు వట్టిపోవుచున్నవి. అధికారుల మొండితనము కొంత కారణము. అడుగువారికి అడుగుట తెలియకపోవుట అంతకంటె పెద్ద కారణము. "మా వీథిలో పని ఇంత ఆలస్యమేల? దీనికి బాధ్యులెవరు? ఇది అన్యాయము కాదా?" అని వ్రాయువారు కలరు. అది మొర, దరఖాస్తు కాదు. అధికారి తనవద్ద నున్న సమాచారమునే ఇయ్యవలెనుగాని, లేనిదానిని సృష్టించి ఇయ్యనక్కరలేదనియు, తన అభిప్రాయములు చెప్పనక్కరలేదనియు 2011లో సుప్రీంకోర్టు స్పష్టము చేసెను. కావున కారణమును గాక కాగితమును అడుగవలెను. "ఫలాని స్టేషను పని పూర్తికావలసిన తేదీని తెలుపు ఒప్పందపు పుటలు, గడువు పొడిగించిన ఉత్తరువుల నకళ్లు, పర్యవేక్షక ఇంజనీరు పంపిన మాసవారీ నివేదికలు ఇప్పింపుడు" అనినచో తప్పించుకొనుట కష్టము. ఆ కాగితములు వచ్చిన పిమ్మట కారణము దానంతట అదియే కనబడును.

ఈ నేర్పు పెద్దలకే కాదు, పిల్లలకును సాధ్యమే. 2012లో లక్నో నగరమున ఆరవ తరగతి చదువు పదేండ్ల బాలిక ఒక దరఖాస్తు పెట్టెను. గాంధీమహాత్మునకు జాతిపిత యను బిరుదు నిచ్చిన ఉత్తరువు నకలు కావలెనని కోరెను. దరఖాస్తు ప్రధానమంత్రి కార్యాలయమునుండి హోంశాఖకును, అచటనుండి జాతీయ పురాతత్వ పత్రాలయమునకును పోయెను. అట్టి ఉత్తరువేదియు లేదని తుదకు సమాధానము వచ్చెను. బాలిక అడిగినది అభిప్రాయము కాదు, ఒక కాగితము. అందువలననే ఇంత పెద్ద ప్రభుత్వము ఉన్నదనియో లేదనియో చెప్పక తప్పలేదు. లేదనుటయు ఒక సమాచారమే. పట్టణపు రైలు విషయమునను అంతే. "ప్రయాణికుల అంచనాను స్వతంత్ర నిపుణులచే సరిచూపించిన నివేదిక" అడిగినప్పుడు అది లేదని సమాధానము వచ్చినచో, అంతకంటె చెప్పవలసినది ఏమి మిగులును?

పెద్ద పథకములలో తరచుగ ఎదురగు అడ్డంకి వ్యాపార రహస్యము. దానిని కేవలము సాకుగ త్రోసివేయరాదు. టెండరులు తెరువకముందే ఒకరి ధర మరియొకరికి చెప్పుట తగదు. ఒక సంస్థ యంత్రముల లోపలి మర్మమును పోటీదారుల చేతిలో పెట్టుటయు తగదు. కాని సంతకములైన ఒప్పందములో ప్రభుత్వము ఎంత చెల్లించును, ఎంత భూమి ఇచ్చును, నష్టము ఎవరిది అనునవి రహస్యములెట్లగును? రహస్యమైనను దానికంటె ప్రజాప్రయోజనము మిన్నయైనచో బయటపెట్టవచ్చునని చట్టమే చెప్పుచున్నది. పత్రములో కొంతభాగమే రహస్యమైనచో దానిని కప్పి తక్కినదానిని ఇయ్యవలెననియు చెప్పుచున్నది. ఈ సంగతి దరఖాస్తులోనే ఒక వాక్యముగ వ్రాసియుంచుట మంచిది. నూరు పుటలలో రెండు పుటల కొరకు మొత్తమును నిరాకరింప వీలుండదు.

మార్గమును ప్రైవేటు సంస్థ నడపునప్పుడు మరియొక చిక్కు వచ్చును. మేము ప్రభుత్వము కాము, చట్టము మాకు వర్తింపదు అని ఆ సంస్థ అనవచ్చును. దానితో వాదమునకు దిగనక్కరలేదు. ప్రైవేటు సంస్థనుండి ఏ సమాచారమును ప్రభుత్వ శాఖ చట్టప్రకారము పొందగలదో, ఆ సమాచారమును ఆ శాఖనే అడుగవచ్చును. ఇంటి యజమాని తలుపు తీయనిచో గ్రామకరణము దస్తరము చూచినట్లు.

విదేశముల అనుభవము ఇంకొక విషయమును తెలుపును. స్కాట్లండు దేశపు రాజధాని ఎడింబరోలో నగరసభ తన సొంత కంపెనీద్వారా ట్రాము రైలు వేయబూనెను. 545 మిలియన్ పౌండ్లు చాలుననిరి. గుత్తేదారులతో తగవులు పెరిగెను, పని నిలిచెను. 2014 మే 31వ తేదీన బండి కదలునాటికి వ్యయము 776 మిలియన్ పౌండ్లయ్యెను. మార్గము మాత్రము అనుకొన్నదానికంటె పొట్టిదయ్యెను. పిమ్మట విచారణ సంఘమును వేసిరి. లార్డ్ హార్డీ నివేదిక 2023 సెప్టెంబరులో వెలువడెను. నగరసభ సభ్యులకే సరియైన సమాచారము అందలేదని అందు తేలెను. సమాచార హక్కు చట్టము 2005 నుండియు ఆ దేశమున కలదు. నగరసభ సొంత కంపెనీకిని అది వర్తించును. చట్టమున్నంతమాత్రమున సత్యము తానై నడచి రాదు. విచారణ సంఘము తొమ్మిదేండ్లకు చెప్పినది మొదటి యేడే తెలిసియున్నచో నగరపు సొమ్ము కొంతయైన మిగిలెడిది.

మన దేశమున కమిషనులలో అప్పీళ్లు గుట్టలుగ పడియున్నవి. పలు రాష్ట్రములలో రెండవ అప్పీలు విచారణకు వచ్చుటకే ఏడాదియు అంతకు మించియు పట్టుచున్నది. భూముల లెక్కలు అడిగినందుకు ప్రాణములు కోల్పోయినవారును కలరు. ఈ కష్టములను దాచి హక్కును పొగడుట సరికాదు. ఆలస్యము ఇంత యుండునని తెలిసినవారు ముందే అడుగుదురు. స్తంభము లేచిన పిమ్మట వచ్చిన సమాధానము చరిత్రకు పనికివచ్చును గాని, మార్గమును మార్చదు.

2024లో తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదు రెండవ దశక్రింద 76.4 కిలోమీటర్ల మార్గములను 24,269 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించి కేంద్రమునకు పంపెను. ఆ యేడు డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విశాఖపట్టణమున 46.23 కిలోమీటర్లకు 11,498 కోట్లును, విజయవాడలో 38.4 కిలోమీటర్లకు 11,009 కోట్లును అంచనాగ వేసి మొదటి దశలను ఆమోదించెను. విశాఖపట్టణపు పౌరుడు అడుగదగిన మొదటి కాగితము, ఏ స్టేషనులో దినమునకు ఎందరు ఎక్కుదురని లెక్కించిరో తెలుపు పట్టిక. రెండవది, ఆ లెక్కకై వీథులలో నిలిచి వాహనములను లెక్కించిన దినములు, స్థలములు. మూడవది, ఎక్కువారు అందులో సగమే యైనచో లోటును ఎవరు తీర్చవలెనో తెలుపు ఒప్పందపు పుట. నకళ్లకు సొమ్ము పెట్టలేనివారు కచేరికి పోయి దస్త్రములను స్వయముగ చూడ కోరవచ్చును. మొదటి గంటకు రుసుము లేదు. ఒక పట్టికను నోటుపుస్తకములోనికి ఎత్తి వ్రాసికొనుటకు ఆ గంట చాలును.