బీకాంతో పన్నుల వృత్తి సాధ్యమేనా?

ప్రశ్న: వనపర్తిలో బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. మా మేనమామకు గద్వాలలో చీరల దుకాణం ఉంది. అలాంటి వ్యాపారులకు ట్యాక్స్ కన్సల్టెంటుగా పనిచేయాలని ఉంది. ఎల్ఎల్‌బీ తప్పనిసరా?
– ఒక విద్యార్థి, వనపర్తి

జవాబు: తప్పనిసరి కాదు. బీకాం పట్టాతోనే జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదుకు దరఖాస్తు చేసుకోవచ్చు. పోర్టల్‌లో పీసీటీ-01 ఫారం నింపాలి. నమోదైతే వ్యాపారుల తరఫున రిటర్నులు దాఖలు చేయొచ్చు. కానీ ట్యాక్స్ ఆడిట్ నివేదికపై సంతకం పెట్టేది చార్టర్డ్ అకౌంటెంటే. బీకాంలో 55 శాతం మార్కులొస్తే ఫౌండేషన్ లేకుండా సీఏ ఇంటర్మీడియట్‌కు వెళ్లొచ్చు. హైకోర్టులో వాదించాలనుకుంటే మాత్రం లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరండి.

పుస్తకాలు కొనేటప్పుడు జాగ్రత్త. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత సంవత్సరాల వివాదాలు పాత చట్టం కిందే నడుస్తాయి కాబట్టి రెండూ తెలియాలి.

స్థానిక నిబంధనలూ ముఖ్యమే. సరుకులమ్మే వ్యాపారికి జీఎస్టీ నమోదు పరిమితిని 2019లో ఆంధ్రప్రదేశ్ సహా చాలా రాష్ట్రాలు 40 లక్షల రూపాయల టర్నోవరుకు పెంచాయి. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. తుంగభద్ర అవతల కర్నూలు దుకాణం లెక్క ఇవతల గద్వాలలో చెల్లదు.

ఈలోగా మీ ఊళ్లో అనుభవమున్న ప్రాక్టీషనర్ దగ్గర కొన్ని నెలలు పనిచేయండి. కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బీతో ఒక్కొక్కటిగా సరిచూడటం అక్కడే వంటబడుతుంది.