రక్తం కనబడితే సెలవు దాకా ఆగొద్దు

అబూధాబీ శివారు ముసఫ్ఫాలోని ఐకాడ్ కార్మికుల క్యాంపుల్లో పైల్స్ గురించి నోరు విప్పేవాళ్లు తక్కువ. సిగ్గు ఒకటి, జీతం పోతుందన్న భయం ఒకటి. ‘ఊరికి పోయినప్పుడు చూపించుకుందాం’ అనుకుంటూ నెలల తరబడి రక్తం పోగొట్టుకుంటారు. అంత ఓర్పు ఈ జబ్బుకు పనికిరాదు.

రక్తనాళాలు నిండిన మెత్తని కండ మలద్వారం లోపల అందరికీ ఉంటుంది. మలం గట్టిపడి రోజూ ముక్కాల్సి వస్తే అదే ఉబ్బి కిందికి జారుతుంది. అవే మొలలు, అంటే పైల్స్. ఇక్కడి ఎండ దీనికి తోడవుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపాలని ఇక్కడి చట్టం. మిగతా గంటల్లో మాత్రం చెమట ఆగదు. నీళ్లు చాలవు, పళ్లెంలో కుబ్బూస్ రొట్టె, చికెన్ తప్ప ఆకుకూర ఉండదు. మలబద్ధకం రాక ఏమవుతుంది?

ముందు లక్షణం గమనించండి. నొప్పి లేకుండా ఎర్రటి రక్తం చుక్కలుగా పడితే లోపలి మొలలు కావచ్చు. బ్లేడుతో కోసినట్టు మంటగా ఉంటే చీలిక, అంటే ఫిషర్ కావచ్చు. అంచున హఠాత్తుగా నీలం గడ్డ లేచి విపరీతంగా నొప్పెడితే లోపల రక్తం గడ్డకట్టినట్టు. రెండు మూడు రోజుల్లోపే చూపించుకోవాలి. మలం నల్లగా వస్తున్నా, బరువు తగ్గుతున్నా, వయసు 45 దాటినా పైల్సేనని సరిపెట్టుకోవద్దు. పేగు క్యాన్సర్‌లోనూ రక్తం పడుతుంది. కొలనోస్కోపీ అవసరమేమో డాక్టరే తేల్చాలి.

అబూధాబీలో కార్మికుడి ఆరోగ్య బీమా కంపెనీయే కట్టాలి, కాబట్టి కార్డు పట్టుకుని క్లినిక్‌కు వెళ్లండి. ఎడమ పక్కకు పడుకోబెట్టి, గ్లవ్ వేసుకున్న వేలితో చూసి, ప్రాక్టోస్కోప్ అనే చిన్న గొట్టం పెడతారు. కొద్ది నిమిషాల పనే. లోపలి మొలలు వేలికి తరచూ తగలవు, అందుకే ఆ గొట్టం. బయటికి జారే తీరును బట్టి నాలుగు దశలుగా లెక్కిస్తారు.

తొలి దశల్లో వైద్యమంతా తిండిలోనే ఉంది. పప్పు, తోటకూర, పండ్లు తినాలి. రాత్రి ఇసబ్గోల్ ఒకటి రెండు చెంచాలు, దాని మీద నిండు గ్లాసు నీళ్లు; నీళ్లు తాగకపోతే అదే బిగుసుకుంటుంది. ఫోన్ పట్టుకుని బాత్రూంలో కూర్చోవడం మానాలి. టబ్‌లో గోరువెచ్చని నీళ్లలో 10–15 నిమిషాలు కూర్చుంటే ఉపశమనం. వేసవిలో ఇక్కడ కుళాయి నీళ్లే కాలుతుంటాయి, చెయ్యి పెట్టి చూసుకోండి.

అప్పటికీ తగ్గకపోతే మొల మొదట్లో రబ్బరు బ్యాండు వేస్తారు. అక్కడ నొప్పి తెలిసే నరాలు ఉండవు. మొల ఎండి వారం పది రోజుల్లో రాలిపోతుంది. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. నాలుగో దశకు సాధారణంగా ఆపరేషనే. 1937లో లండన్ డాక్టర్లు మిల్లిగన్, మోర్గాన్ వివరించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. ‘కోత లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో మాయం’ అని ఊళ్లలో గోడల మీద రాసుకునేవాళ్ల చేతుల్లో మాత్రం పడొద్దు, మీ కాళ్లు పట్టుకుంటాను.

ఇక జీతం పోతుందన్న భయం సంగతి. ప్రొబేషన్ దాటినవాళ్లకు ఇక్కడి చట్టం ప్రకారం ఏడాదికి 90 రోజుల దాకా సిక్ లీవ్ ఉంది: మొదటి 15 పూర్తి జీతంతో, తర్వాతి 30 సగం జీతంతో, మిగతా 45 జీతం లేకుండా. జబ్బు సంగతి మూడు పనిదినాల్లోపు కంపెనీకి తెలపాలి, డాక్టరిచ్చిన కాగితం జతచేయాలి.