ఓటుతో పుట్టి ఓటుతో పోయిన పక్షం

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరాన మారిషస్ ద్వీపం ఉన్నది. దాని వైశాల్యం రెండు వేల చదరపు కిలోమీటర్లకు లోపే. 1715 నుండి ఫ్రెంచివారి చేతిలోను, 1810 నుండి ఆంగ్లేయుల చేతిలోను ఉన్న ఈ ద్వీపం 1968 మార్చి 12న స్వతంత్రమైనది. ఆ స్వాతంత్ర్యాన్ని సాధించిన కూటమిలో మూడు పక్షాలు ఉండేవి. వాటిలో పెద్దదైన లేబర్ పార్టీ పేరు లోకానికి తెలుసు. రెండవదైన ఇండిపెండెంట్ ఫార్వర్డ్ బ్లాక్ మాత్రం స్వాతంత్ర్యం వచ్చి తొమ్మిదేండ్లయినా నిండకముందే శాసనసభ నుండి పూర్తిగా తుడిచిపెట్టుకు పోయింది. అది ఎట్లా పుట్టిందో, ఎందుకు అంతరించిందో గ్రహించాలంటే ముందుగా ఆ ద్వీపంలో ఓటు ఎవరికి ఉండేదో తెలుసుకోవాలి.

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుండి కొందరు కూలీలను తెచ్చి అక్కడ దించింది. బానిసత్వం రద్దవుతున్న రోజులవి. చెరకు తోటలకు చవుకగా దొరికే చేతులు కావలసి వచ్చాయి. తరువాతి ఎనభై ఏళ్లలో నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ రేవులో దిగారు. అత్యధికులు బీహారు, దాని చుట్టుపట్ల జిల్లాల భోజ్‌పురీ మాతృభాషీయులు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుండి తెలుగువారు కూడా వెళ్లారు. అక్కడివారు తెలుగువారిని చాలాకాలం ‘కోరంగీలు’ అనే పిలిచేవారు.

ఇట్లా వచ్చినవారు కొద్ది దశాబ్దాల్లోనే ద్వీప జనాభాలో సగానికి మించిపోయారు. అయినా 1885 నాటి రాజ్యాంగం ఆస్తి, ఆదాయం ఉన్నవారికే ఓటు ఇచ్చింది. తోటల యజమానులు, పట్టణాలలోని కొద్దిమంది విద్యావంతులు మాత్రమే ఓటర్లు. భారత సంతతివారు మొదటిసారిగా శాసనమండలికి ఎన్నికైనది 1926లో, అదీ ఇద్దరే. ద్వీప జనాభా నాలుగు లక్షలు దాటిన తరువాత, 1940 దశాబ్ది నడుమ కూడా ఓటర్లు సుమారు పన్నెండు వేలమందే.

కార్మికుల కష్టాలు చెప్పుకోవడానికి సభలో నోరు లేనప్పుడు అవి వీధిలోకి వచ్చాయి. 1937లో యూనియన్ ఫ్లాక్ చెరకు తోటలోను, 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ అరెల్ తోటలోను సమ్మెదారులపై తుపాకులు పేలాయి. రెండవ ఘటనలో మరణించిన వారిలో అంజలై అనే గర్భవతి ఉన్నది. ఆ పేరు నేటికీ అక్కడ గౌరవంతో తలుస్తారు.

ఇదే సంవత్సరం డిసెంబరు 12న రాజధాని పోర్ట్ లూయీలో ఒక మహాయజ్ఞం జరిగింది. ద్వీపం నలుమూలల నుండి వేలాదిమంది గ్రామీణులు తరలివచ్చారు. దానిని నిర్వహించినవారు పండిత వాసుదేవ్ విష్ణుదయాళ్. లాహోరు, కలకత్తాలలో చదువుకొని 1939లో స్వదేశం చేరిన ఆయన తన తమ్ముడు సుఖదేవ్‌తో కలసి ‘జన ఆందోళన’ అనే ఉద్యమాన్ని నడిపారు. సుఖదేవ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. (ఈ పేర్లను గురించి ఒక మాట. రేవు గుమస్తాలు కూలీల పేర్లను చెవికి వినబడినట్లు రాసుకోవడం వల్ల విష్ణుదయాళ్ కాస్తా ‘బిసూన్‌దొయాల్’గా, వాసుదేవ్ ‘బస్‌దేవ్’గా మారిపోయాయి. హిందీ గ్రంథాలు అసలు రూపాన్నే వాడతాయి. నేనూ ఆ దారినే అనుసరించాను.) మతప్రవచనంతో మొదలైనా వాసుదేవ్ సభల్లో వినిపించిన మాట ఆత్మగౌరవం. ప్రభుత్వానికి అది రుచించలేదు. ఆయన పలుమార్లు జైలుకు వెళ్లారు.

1947లో ప్రకటించిన కొత్త రాజ్యాంగం ఈ ఉద్యమానికి ఊహించని అవకాశం కల్పించింది. ఆస్తి లేకపోయినా, ఏదో ఒక భాషలో సులభ వాక్యాలు చదివి రాయగలిగిన వయోజనులకు స్త్రీ పురుష భేదం లేకుండా ఓటు లభిస్తుందని అది చెప్పింది. అంగీకరించిన భాషలు ఆంగ్లం, ఫ్రెంచి మాత్రమే కావు. హిందుస్తానీ, తమిళం, తెలుగు, ఉర్దూ, గుజరాతీ, చైనా భాష, క్రియోల్ కూడా ఉన్నాయి. నిరక్షరాస్యులైన కూలీలు ఎంతమంది ఈ పరీక్షలో నెగ్గుతారులే అని పాలకులు భావించి ఉంటే అది పొరపాటు లెక్క. జన ఆందోళన సేవకులు పల్లె పల్లెకు వెళ్లి పాఠాలు మొదలుపెట్టారు. ఆ ఊళ్లలో ‘బైఠకా’లు ఉండేవి. ఈ మాటకు సరియైన తెలుగు వెదకడం అనువాదకునికి కష్టమే. మన చావిడి, భజన మందిరం, రాత్రిబడి ఈ మూడూ ఒకే కప్పు కింద ఉన్నాయనుకుంటే బైఠకా ఎట్లాంటిదో ఊహించవచ్చు. పగలంతా చెరకు నరికి వచ్చినవారు, ఇంటిపని ముగించుకున్న స్త్రీలు దీపం వెలుతురులో పలక పట్టారు. తమ పేరు తాము రాయడం, నాలుగు చిన్న వాక్యాలు చదవడం నేర్చుకున్నారు.

1948 ఆగస్టులో జరిగిన ఎన్నికల నాటికి ఓటర్ల సంఖ్య డెబ్బై వేలు దాటింది. పన్నెండు వేలకు ఇది దాదాపు ఆరింతలు. ఎన్నికైన 19 మందిలో అధిక సంఖ్యాకులు భారత సంతతివారు. సుఖదేవ్ దక్షిణాన గ్రాండ్ పోర్ట్–సవాన్ నుండి గెలిచారు. అదే ఏడాది సోదరులు ‘జమానా’ అనే పత్రికను స్థాపించారు. ఒక రాజకీయపక్షానికి పునాది అనదగినదంతా అప్పటికే సిద్ధంగా ఉంది. కావలసినది పేరు మాత్రమే.

ఆ పేరు 1958లో వచ్చింది. మరుసటి ఏడు మొదటిసారిగా సార్వత్రిక వయోజన ఓటింగు జరుగబోతున్నది. సర్ శివసాగర్ రామ్‌గులామ్ నాయకత్వంలోని లేబర్ పార్టీ పట్టణ విద్యావంతుల పలుకుబడికి లోబడి వలస ప్రభుత్వంతో మెతకగా వ్యవహరిస్తున్నదని విమర్శిస్తూ సుఖదేవ్ ఇండిపెండెంట్ ఫార్వర్డ్ బ్లాక్‌ను నెలకొల్పారు. ఆ పేరు వింటే మన పాఠకులకు నేతాజీ జ్ఞప్తికి రాక మానరు. పేదరైతులు, తోటకూలీలు, ముఖ్యంగా దక్షిణ గ్రామాలవారు దానికి అండ. వాసుదేవ్ తాను ఎన్నికలకు దూరంగా ఉండి రచనలోను, బోధనలోను నిమగ్నులయ్యారు.

1963 అక్టోబరు ఎన్నికల్లో 40 స్థానాలకు లేబర్ పార్టీ 19, పార్తీ మొరిసియన్ 8, ఫార్వర్డ్ బ్లాక్ 7 గెలుచుకున్నాయి. ఆ ఏడుగురిలో అనిరుద్ధ్ జగన్నాథ్ అనే యువ న్యాయవాది ఒకరు. ఈయనే తరువాత వేరే పక్షాల ద్వారా పలుమార్లు ప్రధానమంత్రి, దేశాధ్యక్షుడు కూడా అయ్యారు. ప్రతిపక్షంగా పుట్టిన పార్టీ 1964లో అఖిలపక్ష ప్రభుత్వంలో చేరింది. స్వాతంత్ర్య ప్రశ్న ముందుకు వచ్చిన వేళ అది సహజమే; కాని పక్షం తన ప్రత్యేకతను పోగొట్టుకోవడం ఇక్కడి నుండే మొదలైనదని నా అభిప్రాయం.

1965 సెప్టెంబరులో లండన్‌లో రాజ్యాంగ సమావేశం జరిగింది. సెప్టెంబరు 23న చాగోస్ దీవులను మారిషస్ నుండి వేరుచేసే ప్రతిపాదన నాయకుల ముందుకు వచ్చినప్పుడు, రామ్‌గులామ్, అబ్దుల్ రజాక్ మొహమ్మద్‌లతోపాటు సుఖదేవ్ కూడా సూత్రప్రాయంగా అంగీకరించినట్లు నాటి సమావేశపు లిఖితాలు చెబుతున్నాయి. స్వాతంత్ర్యాన్ని ఇవ్వవలసిన చేతిలోనే తాళం ఉన్నప్పుడు ఆ అంగీకారం ఎంత స్వేచ్ఛగా ఇచ్చినదో ఆలోచించవలసినదే. అంతర్జాతీయ న్యాయస్థానం 2019 ఫిబ్రవరిలో వెలువరించిన అభిప్రాయంలో ఆ విభజన ప్రజల స్వేచ్ఛాభీష్టాన్ని అనుసరించి జరుగలేదని పేర్కొన్నది. అయినా ఈ ఘట్టాన్ని వదిలివేసి సుఖదేవ్ చరిత్ర చెప్పడం న్యాయం కాదు.

1967 ఆగస్టు 7 ఎన్నికలు స్వాతంత్ర్యంపై ప్రజాతీర్పు వంటివి. లేబర్, ఫార్వర్డ్ బ్లాక్, ముస్లిం కార్యాచరణ సంఘం కలసి ‘ఇండిపెండెన్స్ పార్టీ’గా నిలిచి 62 స్థానాలలో 39 గెలిచాయి. వాటిలో ఫార్వర్డ్ బ్లాక్ వాటా 11. దాని చరిత్రలో ఇదే శిఖరం. అయితే మరొక అంకెను కూడా చూడాలి. గేతాఁ ద్యువల్ ప్రచార సారథ్యంలో స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించిన పక్షానికి దాదాపు 44 శాతం ఓట్లు వచ్చాయి. హిందూ మెజారిటీ కింద తమ గతి ఏమవుతుందోనన్న భయం క్రియోల్ జనంలోను, ఇతర అల్పసంఖ్యాకులలోను బలంగా ఉండేది. బైఠకాల నుండి ఎదిగిన ఫార్వర్డ్ బ్లాక్ ఆ భయాన్ని పోగొట్టగల స్థితిలో లేదు. ఒక సమాజాన్ని లేపి నిలబెట్టిన భాష పొరుగు సమాజానికి పరాయిగా వినబడింది.

స్వాతంత్ర్యం తరువాత పతనం వేగంగా జరిగింది. 1969లో ఫార్వర్డ్ బ్లాక్ లేబర్ పార్టీకి దూరమైంది. అదే సంవత్సరం చివర, నిన్నటిదాకా స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించిన ద్యువల్ పక్షమే ప్రభుత్వంలోకి వచ్చింది. 1972లో జరుగవలసిన ఎన్నికలు 1976కు వాయిదా పడ్డాయి. ఓటు కోసమే పుట్టిన పక్షం ఓటు వేసే అవకాశమే లేని సభలో ప్రతిపక్ష స్థానంలో కూర్చుండవలసి వచ్చింది. సుఖదేవ్ ప్రతిపక్ష నాయకునిగా కొంతకాలం పనిచేశారు. కాని నిజమైన ప్రతిపక్షం అప్పటికే సభ బయట పెరుగుతున్నది. 1969లో స్థాపితమైన మొరిసియన్ మిలిటెంట్ ఉద్యమం జాతి, మతాలను కాక వర్గాన్ని గురించి మాట్లాడింది; రేవు కార్మికులను, బస్సు కార్మికులను సంఘటితం చేసింది. 1970 సెప్టెంబరు ఉపఎన్నికలో ప్రధానమంత్రి సొంత నియోజకవర్గంలోనే, తెలుగు సంతతికి చెందిన దేవ్ వీరాస్వామి ఆ పక్షం తరఫున గెలిచారు. ఆయన తరువాత క్రియోల్ భాషలో గొప్ప నాటకకర్తగా పేరు గడించారు.

1975 మే నెలలో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఆ ఏడాది చివర ఓటు వయస్సు 21 నుండి 18కి తగ్గింది. ఓటు పరిధి విస్తరించడం ఇది మూడవసారి. 1948లో అక్షరం ద్వారా, 1959లో అందరికీ, ఇప్పుడు యువతకు. మొదటి రెండు విస్తరణలు విష్ణుదయాళ్ సోదరులను ముందుకు తెచ్చాయి. మూడవది వచ్చేసరికి, బైఠకాలో పలక పట్టిన తల్లి కొడుకు ప్రభుత్వ బడిలో చదివి ఉద్యోగం వెదుక్కుంటున్నాడు. తన ఇంటికి ఓటు తెచ్చిన పక్షాన్ని అతడు గౌరవించవచ్చును గాని అతని ప్రశ్న వేరు. 1976 డిసెంబరు 20న జరిగిన ఎన్నికల్లో 62 స్థానాలలో మిలిటెంట్ ఉద్యమానికి 30, ఇండిపెండెన్స్ పార్టీకి 25, ద్యువల్ పక్షానికి 7 వచ్చాయి. ఫార్వర్డ్ బ్లాక్‌కు ఒక్కటి కూడా రాలేదు. 1977 ఆగస్టులో సుఖదేవ్ కన్నుమూశారు. వాసుదేవ్ 1991 వరకు జీవించారు. పక్షం మళ్లీ లేవలేదు.

1998లో మారిషస్ కొత్త నోట్లు ముద్రించినప్పుడు వాటిపై ఆంగ్లం తరువాత తమిళం రావలసిన చోట హిందీని ముందు పెట్టారు. తమిళుల నిరసనతో ఆ నోట్లను ఉపసంహరించి, పాత వరుసతో మళ్లీ ముద్రించారు. రామ్‌గులామ్ రూపం ఆ నోట్లలో రెండు వేల రూపాయల దానిపై ఉన్నది. స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించిన ద్యువల్ వెయ్యి రూపాయల నోటుపై ఉన్నారు. ఐదు వందల రూపాయల నోటుపై ఉన్నది సుఖదేవ్ విష్ణుదయాళ్.