బెల్లం చాయ్, పచ్చ చాయ్

ఉద్దేశం : ఇంటిలో నిత్యం జరిగే ఒక చిన్న పనిని పరిశీలించి దాని వెనుక ఉన్న కారణాలను గ్రహించడం, మన ప్రాంతంలో దొరికే పదార్థాలతో ఒక పరదేశపు పానీయాన్ని తయారుచేసే విధానాన్ని తెలుసుకోవడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో బెల్లం చాయ్ అలవాటున్న ఇళ్లకు ఒక చేదు అనుభవం కూడా ఉంటుంది. చుట్టాలు వచ్చి కూర్చుంటారు. పొయ్యి మీద పాలు మరుగుతుంటాయి. బెల్లం గడ్డ చిదిమి వేసిన కొద్దిసేపటికే గిన్నెలో తెల్లటి ముక్కలు తేలుతాయి. “పాలు ఇరిగినయ్” అన్న మాట వంటింటి నుంచి వినబడుతుంది. ఇక విచారణ మొదలవుతుంది. పాలు పోసే మనిషి నిన్నటి పాలు కలిపి ఉంటాడని ఒకరు, గిన్నె సరిగా తోమలేదని మరొకరు అంటారు. పొయ్యి దగ్గర ఉన్నది కొత్తగా కాపురానికి వచ్చిన కోడలైతే, ఆమెకు పని తెలియదన్న మాట పుట్టి ఏళ్ల తరబడి ఆమె వెంట నడుస్తుంది. నిజానికి చాలా సందర్భాలలో తప్పు పాలు పోసే మనిషిది కాదు, కోడలిదీ కాదు. బెల్లానికీ మరిగే పాలకూ పొత్తు కుదరదన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

ఈ మధ్య ఆ వంటింటికి మరొక పదార్థం వచ్చి చేరుతున్నది. నగరంలో చదువుకునే పిల్లలలో కొందరు పండుగకు ఇంటికి వస్తూ చిన్న డబ్బాలో జపాను దేశపు పచ్చటి తేయాకు పొడిని తెస్తున్నారు. దాని పేరు మాచా. దానిని పాలతో కలిపి చేసే పానీయాన్ని మాచా లాటే అంటారు. నాయనమ్మ పెట్టే బెల్లం చాయ్‌కీ, మనుమరాలు కలిపే ఈ పచ్చ చాయ్‌కీ పైకి ఏ పోలికా కనిపించదు. అయితే రెండింటిలోనూ ఎదురయ్యే చిక్కు ఒకటే. దేనిని మరిగించాలి, దేనిని మరిగించరాదు, ఏది ఎప్పుడు కలపాలి అన్నదే ఆ చిక్కు.

ముందుగా పేర్ల సంగతి చూద్దాం. చైనా భాషలో ‘చా’ అనే మాట భూమార్గాన పారశీక దేశం మీదుగా వచ్చి ‘చాయ్’ అయింది. అదే దేశపు ఫుజియన్ తీరంలో పలికే ‘తె’ అనే రూపం డచ్చి వర్తకుల ఓడలెక్కి ఐరోపాకు పోయి ‘టీ’ అయింది. మన పుస్తకాలలో కనిపించే తేయాకు, తేనీరు అనే మాటలలో ఉన్నది ఆ ‘తె’ శబ్దమే. తే, ఆకు అనే రెండు పదాల నడుమ యడాగమం రాగా తేయాకు ఏర్పడింది. తేనీరులో తేనె ఉందని భ్రమపడే వారున్నారు గాని, అందులో ఉన్నది టీ మాత్రమే. కామారెడ్డి బజారులో ‘తేనీరు ఇవ్వండి’ అంటే ఎవరైనా నవ్వుతారు. అక్కడ చాయ్ అనే అనాలి. ‘మాచా’ అంటే జపాను భాషలో పొడి చేసిన చాయ్ అని అర్థం. చివరనున్న ‘చా’ మన చాయ్‌కి తోబుట్టువు. లాటే అంటే ఇటలీ భాషలో పాలు. కనుక మాచా లాటే అనగా పాలు పోసిన పొడి చాయ్. పేరు విప్పి చూస్తే పరాయితనం సగం పోతుంది.

ఇక బెల్లం విషయం. మంజీరా నదిపై నిజాంసాగర్ ఆనకట్ట నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూర్ దానికి రూపకల్పన చేసిన ఇంజనీరు. ఆ కాలువల కింద బాన్సువాడ, బోధన్ దిక్కున చెరకు విస్తరించింది. 1937లో బోధన్‌లో చక్కెర కర్మాగారం వెలసింది. అది 2015లో మూతపడింది. కర్మాగారానికి పోని చెరకును రైతులు గానుగాడించి, రసాన్ని పెద్ద పెనాలలో కాచి బెల్లం వండేవారు. ఆ బెల్లానికి కామారెడ్డి పేరు పొందిన అంగడి. నల్లబెల్లం సారా బట్టీలకు చేరుతున్నదన్న కారణంతో ప్రభుత్వాలు దాని అమ్మకంపై ఆంక్షలు విధించినప్పుడు ఇక్కడి రైతులు, వ్యాపారులు ఇబ్బంది పడ్డారు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి వేరే జిల్లాగా ఏర్పడింది. ఎల్లారెడ్డి అందులో ఒక రెవెన్యూ డివిజన్. చక్కెర ఎంత చౌకగా దొరికినా బెల్లం చాయ్ రుచి మరిగిన పెద్దలు ఈ ఊళ్లలో ఇంకా ఉన్నారు.

బెల్లం పాలను ఎందుకు విరుస్తుంది? పాలలో కేసీన్ అనే మాంసకృత్తి అతి సూక్ష్మమైన ఉండల రూపంలో తేలుతూ ఉంటుంది. ఆ ఉండలు ఒకదానికొకటి అంటుకోకుండా దూరదూరంగా ఉన్నంతసేపు పాలు తెల్లగా, సమంగా కనిపిస్తాయి. ఆమ్లగుణం పెరిగితే ఆ ఎడబాటు పోయి ఉండలు గుంపులు కడతాయి. పాలు తోడుకొని పెరుగు కావడం ఈ విధంగానే జరుగుతుంది. తాజా పాల పి.హెచ్. విలువ 6.7 దరిదాపున ఉంటుంది. అది 4.6కు దిగితే మామూలు వేడిమి వద్దనే కేసీన్ పేరుకుంటుంది. మరిగే వేడిలో మాత్రం అంత దూరం దిగనక్కరలేదు, చాలా ముందే పాలు విరుగుతాయి. బెల్లం స్వల్పంగా ఆమ్లగుణం కలది. పైగా శుద్ధి చేసిన చక్కెరలో లేని ఖనిజ లవణాలు బెల్లంలో ఉన్నాయి. అవి కూడా కేసీన్ ఉండలు దగ్గరకు చేరడానికి తోడ్పడతాయి. పాలు పొద్దున పితికినవై సాయంత్రం దాకా బయట ఉంటే వాటిలోనే కొంత పులుపు పుట్టి ఉంటుంది. అటువంటి పాలు మరుగుతుండగా బెల్లం గడ్డ పడితే ఇక చెప్పవలసిన పని లేదు.

అల్లం వ్యవహారం ఇంతకంటే చిత్రమైనది. పచ్చి అల్లంలో మాంసకృత్తులను ఛేదించే ఒక ఎంజైము ఉన్నది. గోరువెచ్చటి పాలలో పచ్చి అల్లం రసం పోస్తే పాలు గడ్డకడతాయి. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు వారు ఈ గుణాన్ని తెలిసే వాడుకొని, అల్లంతో పాలను గడ్డకట్టించి ఒక తీపి వంటకం చేస్తారు. మనకు చాయ్ కావాలి గాని గడ్డ అక్కరలేదు. ఆ ఎంజైము వేడికి నిలువదు. కనుక అల్లాన్ని దంచి ముందుగా నీళ్లలో నాలుగైదు నిమిషాలు మరిగిస్తే దాని శక్తి నశిస్తుంది, ఘాటు మిగులుతుంది. ‘అల్లం నీళ్లలో వెయ్యి, పాలలో వెయ్యకు’ అని పెద్దలు చెప్పే మాటకు ఆధారం ఇదే. కారణం చెప్పకపోవడం వల్ల ఆ మాట చాదస్తంలా వినిపిస్తుంది.

హైదరాబాదులోని ఇరానీ హోటళ్లవారు ఈ చిక్కును తమదైన పద్ధతిలో దాటారు. అక్కడ డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా చాలాసేపు కాగుతుంటాయి. రెండూ కలిసేది కప్పులోనే. ఇంటి బెల్లం చాయ్‌కి ఇది చక్కని దారి చూపుతుంది. ఇద్దరికి చాయ్ పెట్టేటప్పుడు ఒక కప్పు నీళ్లలో దంచిన అల్లం, రెండు ఏలకులు వేసి మరిగించాలి. రెండు చిన్న చెంచాల చాయపత్తి వేసి రెండు నిమిషాలు కాగనివ్వాలి. మరొక గిన్నెలో ఒక కప్పు పాలు కాచి దించి ఉంచాలి. బెల్లాన్ని డికాక్షన్‌లోనే కరిగించి, పొయ్యి ఆర్పి, వడగట్టి, చివరకు కొద్దికొద్దిగా పాలు పోసి కలపాలి. కలిపిన తరువాత మళ్లీ పొయ్యి మీద పెట్టరాదు. అసలు కిటుకు ఇక్కడే ఉన్నది. పాలు తాజావై ఉండాలన్న నియమం మాత్రం తప్పదు.

బెల్లాన్ని ఎంచుకోవడంలో ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. లేత పసుపుగా మెరిసే బెల్లమే మంచిదని చాలామంది అనుకుంటారు. ఆ మెరుపు కోసం కొందరు హైడ్రోస్ అనే రసాయనాన్ని వాడతారు. ముదురు గోధుమ రంగులో ఉన్న బెల్లాన్ని చూసి ముఖం చిట్లించనక్కరలేదు.

ఇప్పుడు పచ్చ చాయ్ సంగతి. తేయాకును పొడి చేసి వేడినీటిలో గిలకొట్టి తాగే అలవాటు చైనాలో సోంగ్ వంశపు కాలం నాటిది. ఐసాయి అనే బౌద్ధ భిక్షువు 1191లో చైనా నుంచి జపానుకు తిరిగి వచ్చి తేయాకు సాగుకూ, ఈ పద్ధతికీ ప్రచారం కల్పించాడు. కాలక్రమంలో చైనాలో ఆకును నానబెట్టి తాగే పద్ధతి వ్యాపించి పొడి చాయ్ మరుగున పడింది. జపాను మాత్రం దానిని నిలుపుకొన్నది. క్యోటో నగరానికి సమీపంలోని ఉజి ఇందుకు ప్రసిద్ధి. కోతకు మూడు వారాల ముందు నుంచి అక్కడి తోటలపై నీడ కప్పుతారు. ఎండ తగ్గడంతో ఆకులో పత్రహరితం పెరిగి రంగు ముదురుతుంది. కమ్మదనాన్ని ఇచ్చే థియానిన్ అనే పదార్థం తరిగిపోకుండా నిలుస్తుంది. కోసిన ఆకును ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసి రాతి తిరుగలిలో విసురుతారు. ఒక తిరుగలి గంటకు సుమారు 40 గ్రాముల పొడిని మాత్రమే ఇస్తుంది. దాని ధర ఎక్కువగా ఉండడానికి ఇదొక కారణం.

మన చాయ్‌లో ఆకును వడగట్టి పారవేస్తాం. మాచాలో ఆకంతా కడుపులోకి పోతుంది. పొడి నీటిలో కరగదు, తేలుతూ ఉంటుంది. అందువల్ల ఉండలు కట్టడం దీనికి పెద్ద జబ్బు. ఒక సమతల చిన్న చెంచా పొడిని, అనగా దాదాపు 2 గ్రాములను, చాయ్ జాలిలోంచి గిన్నెలోకి జల్లించాలి. నీళ్లు మరిగేవి కారాదు. మరిగే నీటిలో చేదు, వగరు ఎక్కువగా దిగుతాయి. 80 డిగ్రీల వేడిమి చాలు. థర్మామీటరు లేనివారు దిగులుపడనక్కరలేదు. మూడు వంతులు మరిగిన నీళ్లు, ఒక వంతు కుండలోని నీళ్లు కలిపితే దాదాపు ఆ వేడి వస్తుంది. ఆ నీళ్లు నాలుగు పెద్ద చెంచాలు పోసి గిలకొట్టాలి. జపానువారు ఇందుకు వెదురును సన్నగా చీల్చి చేసిన కుంచె వంటి సాధనాన్ని వాడతారు. మన ఇంట్లో మజ్జిగ చిలికే చిన్న కవ్వం ఆ పనికి చక్కగా సరిపోతుంది. రెండు అరచేతుల నడుమ అర నిమిషం తిప్పితే పైన సన్నటి నురుగు కడుతుంది.

వేరే గిన్నెలో ముప్పాతిక కప్పు పాలను కాచి, పొంగు వచ్చాక దించి, వేలు పెట్టి చూస్తే చురుక్కుమనే వేడికి చల్లార్చాలి. గేదెపాలు చిక్కగా ఉంటాయి కనుక కాసిని నీళ్లు కలుపుకోవచ్చు. పాలను కూడా కవ్వంతో నురుగు వచ్చేలా చిలికి పచ్చటి ద్రవంపై పోయాలి. తేయాకులోని వగరు పదార్థాలను పాలలోని కేసీన్ పట్టి ఉంచుతుంది. అందుకే పాలు పడగానే చేదు అణగిపోతుంది. ఇరానీ హోటలులో లాగే ఇక్కడా కలయిక కప్పులోనే జరిగింది.

తీపి కోసం బెల్లాన్ని కాసిని నీళ్లలో కరిగించి, మడ్డి పోయేలా వడగట్టి, చల్లార్చి సీసాలో ఉంచుకుంటే రెండు చెంచాలు చాలు. దీనిని పచ్చటి ద్రవంలో ముందే కలపాలి. రంగు కొంత మసకబారుతుంది గాని, రుచికి లోటు రాదు. ఏలకుల పొడి చిటికెడు వేస్తే మనకు తెలిసిన వాసన వస్తుంది. అల్లం వేయదలచినవారు దానిని బెల్లం నీళ్లలోనే మరిగించుకోవాలి. గులాబీ రేకుల పాకం చలువ పానీయానికి బాగుంటుంది. వేసవిలో మామిడిపండు గుజ్జు వేసుకునే వారు వేడిపాల జోలికి పోరాదు. మామిడిలో పులుపు ఉన్నది. గ్లాసు అడుగున గుజ్జు, దానిపై చల్లటి పాలు, మంచుముక్కలు, ఆ పైన పచ్చటి ద్రవం నెమ్మదిగా పోస్తే మూడు రంగులూ విడివిడిగా నిలుస్తాయి. మరీ ఎక్కువ సువాసనలు కలిపితే ఆకు రుచి తెలియకుండా పోతుంది. అంత ఖరీదైన పొడిని కొని దాని రుచిని కప్పివేయడం తెలివైన పని కాదు. మాచా డబ్బాను వెలుతురు, గాలి, తడి తగలకుండా ఉంచాలి. పొడి పసుపు రంగుకు తిరిగిందంటే పాతబడిందని గుర్తు.

పచ్చటి రంగు చూసి ఇది ఔషధమని భావించి రోజుకు నాలుగైదు కప్పులు తాగరాదు. మాచాలోనూ కెఫీన్ ఉన్నది. ఆకంతా మింగుతాం కనుక అది చాయ్‌కి ఏమాత్రం తీసిపోదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీన్ వద్దని, భోజనానికి కనీసం గంట ముందు, గంట తరువాత టీ, కాఫీలు తాగవద్దని సూచిస్తున్నాయి. తేయాకులోని వగరు పదార్థాలు ఆహారంలోని ఇనుమును శరీరానికి అందకుండా చేస్తాయి. రక్తహీనత ఎక్కువగా కనిపించే మన ఆడపిల్లల విషయంలో ఈ సూచన ముఖ్యమైనది. అన్నం తిని లేవగానే చాయ్ తాగే అలవాటు ఉన్న ఇళ్లలో దీనిని అమలు చేయడం అంత సులభం కాదు.

ఇంత జాగ్రత్త పడినా ఎప్పుడో ఒకప్పుడు పాలు విరుగుతాయి. చాయపత్తి వేయకముందు బెల్లం వల్ల విరిగిన తాజా పాలను పారబోయనక్కరలేదు. సన్నటి మంట మీద కలుపుతూ, నీరు ఇగిరేదాకా కాచి, ఏలకుల పొడి వేసి దించితే పాలకోవా వంటి మిఠాయి తయారవుతుంది. పులిసిన వాసన వచ్చే పాలైతే మాత్రం వాడరాదు. వచ్చిన చుట్టాలకు ముందు ఆ మిఠాయి పెట్టి, చాయ్ కోసం మరొక గిన్నె పొయ్యి మీదికి ఎక్కించవచ్చు.

అభ్యాసం

I. ఈ కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బెల్లం, అల్లం పాలను విరిచే తీరులో గల భేదాన్ని వివరించండి.
2. ఇరానీ చాయ్, మాచా లాటే తయారీ విధానాలలోని పోలికను పాఠం ఆధారంగా చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. థర్మామీటరు లేకుండా 80 డిగ్రీల నీటిని ఎలా సిద్ధం చేయవచ్చు?
2. మాచా ధర ఎక్కువగా ఉండడానికి కారణమేమిటి?
3. మీ ఇంటిలో పాలు విరిగిన సందర్భాన్ని గుర్తుచేసుకొని, దానికి కారణాన్ని ఊహించి రాయండి.

III. సంధి విడదీసి, సంధి పేరు రాయండి : తేయాకు, ఉన్నదని, ఇంకొకటి