కిరణ చికిత్సలో కొలత, గురి, గడువు

నల్లగొండ, పాలమూరు పల్లెలలో క్యాన్సరు రోగికి జరుగు కిరణ చికిత్సను "కరెంటు పెట్టుట" అని చెప్పుకొనుట వాడుక. పట్నము పోయి కరెంటు పెట్టించుకొని వచ్చినారని అనుచుందురు. ఆ మాట వినగనే కొందరికి తీగ తగిలినంత భయము కలుగును. నిజమునకు ఈ చికిత్సలో రోగి శరీరమునకు విద్యుత్తు సోకదు. కిరణములు పడుచున్నప్పుడు నొప్పియు తెలియదు. ఎక్స్‌రే పటము తీయు కిరణముల జాతికే చెందినవి, వాని కంటె ఎన్నో రెట్లు బలము గలవి, యంత్రము నుండి వెలువడి శరీరములోనికి చొచ్చుకొని పోయి, రాచపుండు కణములు మరల మరల చీలి పెరుగు శక్తిని నశింపజేయును. యంత్రము ఆగినంతనే రోగిపై పడు కిరణములును ఆగును. ఆమె ఒంటిలో ఏమియు మిగిలియుండదు. ఇంటికి వచ్చిన తల్లి తన బిడ్డను నిస్సంకోచముగా ఎత్తుకొనవచ్చును.

మన జిల్లాలలో ఈ భయమునకు వేరొక కారణము కూడ ఉన్నది. నల్లగొండ ప్రాంతమున లంబాపురము, పెద్దగట్టు వద్ద యురేనియము నిక్షేపములున్నట్లు కనుగొనబడినది. నల్లమలలోని అమ్రాబాదు ప్రాంతమున యురేనియము అన్వేషణను ప్రజలు 2019లో గట్టిగా ఎదిరించిరి. ఆ సంవత్సరమే రాష్ట్ర శాసనసభయు దానికి వ్యతిరేకముగా తీర్మానించెను. ఆ చర్చల వలన అణుధార్మికత యను మాట ఇంటింట వినబడినది. కాని మందు, విషము అను భేదము మోతాదును బట్టియే యుండును. ఆసుపత్రిలో కిరణములు కొలువబడి, గురి చూచి, ఒక గడువులోపల ఇయ్యబడును. ఈ మూడింటిని గురించి రోగి ఇంటివారు కొంతయైన తెలిసికొనుట అవసరము. ఏలయన వీనిలో ఒకటి వారి చేతిలోనే యున్నది.

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి 1955లో ఏర్పడినది. హైదరాబాదు రాష్ట్ర మంత్రిగా నుండి, పిమ్మట 1960లో గుజరాతు మొదటి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ పేర అది వెలసినది. ఉభయ జిల్లాల నుండి పేద రోగులు ఎక్కువగా చేరునది ఇచటికే. ఇది ఏర్పడిన కాలమున ప్రపంచమంతటను ఈ వైద్యము మారుచుండెను. కోబాల్టు కిరణములతో తొలి చికిత్సలు 1951లో కెనడాలో జరిగినవి. అంతకు పూర్వము రేడియము గొట్టములును, తక్కువ బలము గల ఎక్స్‌రే యంత్రములును ఆధారము.

కిరణమునకు తనవారు, పెరవారు అను విచక్షణ లేదు. రాచపుండును తాకినట్లే దాని ప్రక్కనున్న మూత్రాశయమును, ప్రేగును, వెన్నుపామును తాకును. మోతాదు కొంచెము తగ్గినచో రోగము తిరుగబెట్టును, కొంచెము హెచ్చినచో మంచి అవయవము చెడును. ఈ రెంటి నడుమనున్న దారి మిక్కిలి ఇరుకు. కావుననే వైద్యుడు నిర్ణయించిన మోతాదుకును, పుండునకు నిజముగా చేరు మోతాదుకును నూటికి 5 పాళ్ళకు మించి తేడా యుండరాదని వికిరణ కొలతలకు సంబంధించిన అంతర్జాతీయ సంఘము 1976లో సూచించినది.

ఈ 5 పాళ్ళు ఎంత సులభముగా జారిపోవునో చూడుడు. లాంతరుకు దగ్గరగా పట్టిన పుస్తకముపై వెలుతురు ఎక్కువ. దూరము రెట్టింపైనచో వెలుతురు నాలుగవ వంతుకు పడిపోవును. కిరణములును అంతియే. కోబాల్టు యంత్రమునకు 80 సెంటీమీటర్ల దూరమున పరుండవలసిన రోగి ఒక్క సెంటీమీటరు దిగువకు జరిగినచో మోతాదులో సుమారు రెండున్నర పాళ్ళు తగ్గును. అనగా అనుమతింపబడిన తప్పులో సగము ఆ ఒక్క వ్రేలి వెడల్పులోనే పోయినది.

నీడల సంగతియు ఇట్టిదే. లావుపాటి వత్తి గల దీపము ముందు చేయి పెట్టినచో గోడమీది నీడ అంచు మసకగా నుండును. వత్తి సన్నమైనచో అంచు స్పష్టముగా తెగును. కోబాల్టు బిళ్ళ సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పు గలది గనుక దాని కిరణముల అంచు మసక. లీనియర్ ఆక్సిలరేటరు అను కొత్త యంత్రములో కిరణములు పుట్టు చోటు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే గనుక అంచు పదును. అయినను సరిగా కొలిచి వాడిన కోబాల్టు, కొలత తప్పిన ఖరీదైన యంత్రము కంటె మేలని మా అభిప్రాయము.

వెనుకటి రోజులలో పథకము వేయుట చేతిపని. మెత్తని సీసపు తీగను రోగి ఒంటి చుట్టు ఒత్తి, ఆ ఆకారమును కాగితముపై గీసి, దానిమీద కిరణముల బలము సూచించు వంపుగీతల పటములను పరచి, ఒక్కొక్క చోట ఎంత చేరునో కూడి చూచెడివారు. లోపలి పుండు ఎచటనున్నదో చాల వరకు ఊహయే. 1971లో ఇంగ్లండులో సి.టి. స్కాను మొదటిసారి రోగికి వాడబడిన పిమ్మట శరీరమును అడ్డముగా కోసి చూచినట్లు చూచుట సాధ్యమైనది. ఇప్పుడు వైద్యుడు ఆ చిత్రములపై ముందు కనబడు గడ్డను గీయును. దాని చుట్టు కంటికి కనబడక ప్రాకియుండగల కణముల కొరకు రెండవ గీత గీయును. ఊపిరి తీసినప్పుడు అవయవము కదలుటకును, దినదినము పడకలో వచ్చు చిన్న తేడాలకును మూడవ గీత. ఈ మూడు గీతల పద్ధతి 1993లో అంతర్జాతీయముగా స్థిరపడినది. రోగి ఎంత కదలక, రోజును ఒకే తీరున పరుండునో మూడవ గీతను అంత దగ్గరగా గీయవచ్చును, మంచి అవయవము అంత మిగులును.

అందువలననే నోటి క్యాన్సరు రోగులకు ప్లాస్టిక్కు ముసుగు వేయుదురు. ఆ పలకను వేడినీటిలో మెత్తపరచి ముఖముపై ఒత్తినచో నిమిషములలో గట్టిపడి అచ్చుగా నిలుచును. దానిని చూచి ఊపిరాడదని కొందరు పెనగులాడుదురు. దానినిండ రంధ్రములుండును, ఊపిరికి లోటు లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు గల స్త్రీలను నీరు త్రాగి మూత్రము బిగబట్టుకొమ్మని చెప్పుట కూడ ఇందుకే. మూత్రాశయము నిండియున్నచో ప్రేగులు పైకి తొలగి కిరణములకు దూరమగును.

యంత్రమునకును వయసు మీదపడును. కోబాల్టు బలము 5 సంవత్సరముల 3 నెలలలో సగమగును, అనగా నెలకు సుమారు ఒక పాలు తగ్గును. దాని కనుగుణముగ చికిత్స నిమిషములను పెంచుచు పోవలెను. 1974 నుండి 1976 వరకు అమెరికాలోని కొలంబస్ నగరమున ఒక ఆసుపత్రిలో ఈ తరుగుదల లెక్క తప్పుగా వేయబడినది. యంత్రము నిజమునకున్న దాని కంటె బలహీనమని తలచి నిమిషములు పెంచిరి. 426 మంది రోగులు నూటికి 10 మొదలు 45 పాళ్ళ వరకు అధిక మోతాదునకు లోనైరి. కొలబద్దతో సరిచూచి యుండినచో తప్పు మొదటి నెలలలోనే బయటపడెడిది.

ఇట్టి తప్పులు పట్టుటకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థతో కూడి, 1969 నుండి ఒక తపాలా పద్ధతిని నడుపుచున్నది. కిరణములను గుర్తుంచుకొను చిన్న బిళ్ళలను ఆసుపత్రికి పంపుదురు. ఆసుపత్రివారు వానిపై చెప్పిన మోతాదును వేసి తిరిగి పంపవలెను. తొలి సంవత్సరములలో సుమారు సగము ఆసుపత్రులే హద్దులో నిలిచినవి. ఇప్పుడు నూటికి 90కి పైగా నిలుచుచున్నవి. మన దేశమున బొంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రము ఇటువంటి పరీక్ష జరుపుచున్నది.

కొలత, గురి ఆసుపత్రివారివి. గడువు రోగిది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు సాధారణముగా వారమునకు 5 రోజుల చొప్పున 25 దినములు బయటినుండి కిరణములిచ్చి, పిదప లోపల గొట్టము నుంచి మరికొన్ని విడతలిత్తురు. మొత్తము 8 వారములలో ముగియవలెను. దినమునకు కొంచెముగా ఇచ్చుట యేలయన, రాత్రిలో మంచి కణములు తమ గాయమును మాన్చుకొనును, రాచపుండు కణములకు ఆ నేర్పు తక్కువ. కాని కొన్ని వారములు గడచిన వెనుక మిగిలిన రోగకణములు వేగముగా పెరుగ మొదలిడును. చేనిలో తుంగను సగము తీసి వదలినచో ఏమగునో రైతుకు చెప్పనక్కరలేదు. గడువు దాటిన ప్రతి దినమునకు రోగము అదుపులోనికి వచ్చు అవకాశము నూటికి ఒక పాలు చొప్పున తగ్గునని పరిశోధనలు తేల్చినవి.

మన ప్రాంతమున సగములో మానివేయుటకు కారణములు తెలియనివి కావు. తొలకరి పడినది, విత్తనము వేయవలెను. మేస్త్రీ వలసకు పిలిచినాడు. నొప్పి, రక్తస్రావము రెండు వారములకే తగ్గినవి గనుక నయమైనదని తలచుట అన్నింటికంటె పెద్ద పొరపాటు. పోను రాను రెండువందల కిలోమీటర్లు ప్రతిదినము తిరుగుట ఎవరికైనను భారమే. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగరు ఒకటి. కిరణ చికిత్సయు దానిలో చేరియున్నది. మందు ఖర్చు దానిచే తీరును గాని పోయిన కూలి తీరదు. కావున చికిత్స మొదలగుటకు ముందే బస ఎచట, తోడెవరు, ఇంటివద్ద పని చూచువారెవరు అను సంగతులు ఇంటిలో నిశ్చయించుకొనవలెను. జ్వరము వలననో, యంత్రము చెడుట వలననో ఒక దినము తప్పినచో దానిని దాచక అడుగుడు. శనివారము ఇచ్చియో, ఒకే దినము కనీసము 6 గంటల ఎడముతో రెండుమార్లు ఇచ్చియో వైద్యులు దానిని పూడ్చగలరు.

ఒంటిమీది గీతల సంగతి ఒకటి మిగిలినది. పథకము వేసిన నాడు చర్మముపై గీతలు గీయుదురు, లేదా పచ్చబొట్టు వలె చుక్కలు పొడుతురు. ఎందుకో చెప్పకయే పంపివేయుట కొన్నిచోట్ల జరుగుచున్నది, అది మంచిది కాదు. యంత్రమునకు గురి కుదుర్చు గుర్తులవియే. అచట నూనె, పసుపు పూయరాదు, సబ్బుతో రుద్దరాదు, వట్టి నీరు పోసికొని మెత్తని గుడ్డతో అద్దుకొనవలెను. గీత చెరిగినచో ఇంటివద్ద పెన్నుతో దిద్దవద్దు. అది అంగుళము ప్రక్కకు పోయినచో కిరణమును ప్రక్కకే పోవును. మరునాడు బల్లపైకి ఎక్కుటకు ముందే టెక్నీషియనుకు చూపినచో ఆయన పాత కొలతలను బట్టి తిరిగి గీయును.