జీర్ణోద్ధరణ

దేవాలయం శిథిలమైనప్పుడు నిలిచిన భాగాన్ని నిలుపుకొంటూ, కూలిన భాగాన్ని పూర్వరూపంలో తిరిగి నిర్మించడాన్ని మన పెద్దలు జీర్ణోద్ధరణ అన్నారు. ఈ మాట ఆలయాలకే పరిమితం కాదు. అగ్నిలో దగ్ధమై మళ్ళీ ఆకాశానికెగసిన ఒక పాత విమానం చరిత్ర ఇందుకు నిదర్శనం.

సిడ్నీ కామ్ రూపొందించిన హరికేన్ యుద్ధవిమానం 1935లో తొలిసారి ఎగిరింది. 1940లో బ్రిటన్ గగనతలాన్ని కాపాడిన యుద్ధవిమానాలలో అధికసంఖ్య దీనిదే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో భారత వైమానికదళం కూడా బర్మా రంగంలో హరికేన్‌లను నడిపింది. లోహపు గొట్టాల చట్రం, దానిపై కొయ్యబద్దలు, వెనుకభాగాన బిగించి కట్టిన నారబట్ట - ఇదీ దాని నిర్మాణం. దెబ్బతిన్నచోట త్వరగా బాగుచేయడానికి ఈ కూర్పు ఎంతో అనువైనది. కాని నిప్పంటుకుంటే కొయ్య, బట్ట క్షణాలలో కాలిపోతాయి.

ఎల్‌ఎఫ్ 363 అనే సంఖ్యగల హరికేన్ 1944లో బ్రిటిష్ వైమానికదళంలో చేరింది. ఆ దళంలో చిట్టచివర చేరిన హరికేన్ ఇదేనని ప్రతీతి. యుద్ధం ముగిశాక ఎన్నో విమానాలు తుక్కుగా మారినా ఇది మిగిలింది. 1957లో ఏర్పడిన స్మారక విమానబృందంలో చేరి, దశాబ్దాల పాటు ప్రజల ముందు ఎగిరింది.

1991 సెప్టెంబరు 11న ప్రయాణం మధ్యలో దాని ఇంజను చెడిపోయింది. పైలట్ విట్టరింగ్ స్థావరంలో దించబోగా విమానం నేలను ఢీకొని మంటలలో చిక్కుకుంది. చీలమండ విరిగి, స్వల్పంగా కాలిన గాయాలతో అతడు ప్రాణాలు దక్కించుకున్నాడు. విమానం మాత్రం తీవ్రంగా కాలిపోయింది.

పునరుద్ధరణకు ధనం కావాలి. ఎలా సమకూర్చాలి? బృందం వద్ద స్పిట్‌ఫైర్ విమానాలు పలు ఉండగా, హరికేన్‌లు రెండే ఉన్నాయి. చివరకు పీఎస్ 853 అనే స్పిట్‌ఫైర్‌ను విక్రయించారు. అదీ చరిత్రాత్మక విమానమే. ఒక స్మృతిని బ్రతికించుకోవడానికి మరొక స్మృతిని చేజార్చుకోవలసి వచ్చింది. అయితే అది నశించలేదు. 1996లో రోల్స్ రాయిస్ సంస్థకు చేరింది.

నిపుణులు ఏళ్ళ తరబడి శ్రమించారు. 1998 సెప్టెంబరు 29న, ప్రమాదం జరిగిన ఏడేళ్ళకు, ఎల్‌ఎఫ్ 363 తిరిగి గాలిలోకి లేచింది.

కొత్త కొయ్య, కొత్త బట్ట చేరిన తరువాత అది పాత విమానమేనా? రాళ్ళు మారినంత మాత్రాన ఆలయం మారిందని భక్తుడు భావించడు. మూలరూపం పట్ల విధేయత, పూర్వులపట్ల కృతజ్ఞత ఉన్నచోట కొత్త పదార్థం కూడా పాత చరిత్రనే మోస్తుంది. అయితే ప్రతి రక్షణకూ ఒక మూల్యముంటుంది. దానిని తెలిసి చెల్లించడమే వారసత్వ పరిరక్షణలోని వివేకం.

అభ్యాసం

1. హరికేన్ నిర్మాణంలోని అనుకూలతను, ప్రమాదాన్ని వివరించండి.
2. ఒక చారిత్రక విమానాన్ని అమ్మి మరొకదానిని కాపాడటం సమంజసమేనా? చర్చించండి.